తీగ పీకిన ఎర్మెలింద

పరాగ్వేలోని మా భూరికార్డుల ఆఫీసులో సర్వర్లు చూసేది ఎర్మెలింద ఒక్కతే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో లొసుగు బయటపడిందనీ, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా చొరబడి రికార్డుల నకళ్లన్నీ చెరిపేయొచ్చనీ ఆమె పైకి మూడుసార్లు రాసింది. సరిచేయాలంటే సర్వర్లను ఒక పూట ఆపాలి.

"నకళ్లను ఎవడు ఎత్తుకుపోతాడమ్మా? అసలువి ఇక్కడే ఉన్నాయిగా!" అని మా అధికారి దొన్ ఫాబియో నవ్వాడు.

అసలువి పాడైతే పేద రైతుల పట్టాలకు దిక్కు ఆ నకళ్లే. అవీ పోతే ఆ భూములపై కన్నేసిన సోయా ఆసాములకు పండగే. సోమవారం ఆమె ఎవరినీ అడక్కుండా నెట్‌వర్క్ తీగ పీకి, పని మొదలుపెట్టింది.

"నీ అబ్బ సొత్తా ఇది?" అని ఆయన అరిచాడు.

"కాదు దొన్ ఫాబియో, రైతులది."

లొసుగు పూడింది. ఆనాటి నుంచి మధ్యాహ్నాలు మేం ఒకే పాత్రలో తెరెరే అనే చల్లని ఆకు పానీయం వంతులవారీగా తాగుతుంటే, ఆ పాత్ర ఆమెను దాటి పక్కవాళ్లకు పోతోంది. దొన్ ఫాబియోకు జడిసి దాటించే చేతుల్లో నాదీ ఒకటి.