మూడు నాటకాల్లో చనిపోయిన తాతయ్య

నా చిన్నప్పుడు ఒకసారి నేను చేసిన తప్పుకు పక్కింటి అక్క మాట పడుతుంటే నోరు మెదపకుండా నిలబడ్డాను. అరవై దాటినా ఆ నిలబడటం నన్ను వదల్లేదు.

కొత్తవాడలో మా ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్లం. మా మగ్గం మీద అక్క కూలికి నేసేది. ఆమె అన్నానికి వెళ్లినప్పుడు నేను సరదాకి కూర్చుని, అంచులో పువ్వు దగ్గర రెండు పోగులు తప్పి నేసి లేచి వెళ్లిపోయాను. అక్క అది తెలియక దాని మీదే నేసుకుంటూ పోయింది. జానెడు పెరిగాక గానీ పువ్వు వంకర బయటపడలేదు.

"కండ్లు యాడ పెట్టుకొని నేస్తానవ్ బిడ్డా? రేపటిసంది రాకు," అన్నాడు మా బాపు. ఆ కూలితోనే వాళ్లిల్లు గడిచేది. అక్క వెళ్లిపోయింది.

మా తాతయ్య నాటకాల్లో వేషాలు వేసేవాడు. ఆ సాయంత్రం నూలు చుడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక దాంట్ల రాజును, ఒక దాంట్ల సేనాపతిని, ఇంకో దాంట్ల షావుకారిని. మూడింట్ల సచ్చిన. ఎందుకు సచ్చిన్నో చెప్పు."

"కత్తితోని పొడిస్తే."

"పొడుసుడు ఆఖరుకురా. అంతకుముందే పెండ్లామో, దోస్తో వచ్చి ఏమైందని అడుగుతరు. మూడింట్లనూ ఏం లేదంట నేను. గాడనే సగం సచ్చిపోత." నూలు పక్కన పెట్టి, "నీకేమైంది బిడ్డా?" అన్నాడు.

"ఏం లేదు తాతా," అన్నాను.

ఆయన నా తల నిమిరి మళ్లీ నూలు చుట్టడం మొదలుపెట్టాడు. నేత చూసి చెయ్యి ఎవరిదో చెప్పగల మనిషి. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

తెల్లారి మగ్గం దగ్గర అక్క లేదు. అది చూసి తింటున్న అన్నం వదిలి లేచాను. వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందే నిజం చెప్పాను. అక్కను వెంటబెట్టుకొచ్చి బాపుకూ చెప్పాను. బాపు ఆమెను మళ్లీ పనికి రమ్మన్నాడు. ఆ జానెడు నేతా నా చేతులతోనే విప్పాను. మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు అక్క నాతో మాట్లాడలేదు. రెండో రోజు వచ్చి పక్కన కూర్చుని, నేను విప్పిన నూలు ఉండ చుట్టింది.

తర్వాత కూడా ఇంట్లోనూ బయటా చాలా తప్పులు దాచాను. ప్రతిసారీ సిగ్గుపడి, వెళ్లి ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఆలస్యంగానే వెళ్తాను. వెళ్లకుండా మాత్రం ఉండలేను.