అంచులు కోసిన మాత్రలు

సూదక్కకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందంటాడు ఆమె భర్త. కాదు, బైండింగు పనితో వచ్చిందంటుంది ఆమె. అచ్చయి మడతపెట్టిన ఫారాలన్నీ వరసలోనే ఉన్నాయని అచ్చువాడు ఒట్టేసి చెప్పినా నమ్మదు. ఒక్కొక్కటీ తిప్పి పేజీ అంకె చూసుకున్నాకే సూదిలోకి దారం ఎక్కిస్తుంది. నమ్మి కుట్టిన పుస్తకంలో పదహారో పేజీ పక్కన నలభైతొమ్మిదో పేజీ వచ్చిందంటే తిట్లు పడేది అచ్చువాడికి కాదు, కుట్టినామెకు. ఇరవై రెండేళ్లలో అలాంటి పుస్తకం ఒక్కటి కూడా ఆమె చేతి మీదుగా బయటికి పోలేదు.

బైండింగు షెడ్డులో పనిచేసేది ముగ్గురే. కిటికీ దగ్గర బల్ల మీద సూదక్క కుట్టు. గుమ్మం పక్కన కట్టింగు మెషిను, దాని చక్రం తిప్పే యజమాని. వెనక మూల పొయ్యి మీద మైదా జిగురు ఉడికించే ఆమె. ఈ మూడో మనిషి వచ్చి రెండు నెలలు కావస్తోంది. పాతామె కొడుకు దగ్గరికి వెళ్లిపోతే ఆ చోట్లోకి వచ్చింది. వయసు ముప్పై దాటి ఉండదు. మాట తక్కువ. సూదక్క ఆమెను పేరుతో పిలిచింది లేదు, ‘కొత్తామె’ అనేది. మాట తక్కువ మనిషంటే సూదక్కకు అసలే గిట్టదు. లోపలేదో దాచుకోకపోతే నోరెందుకు మూసుకుంటుంది?

కొత్తామె రాకకు కొంచెం ముందే సూదక్క కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు వాచింది. సూది పట్టుకుంటే ప్రాణం పోయేది. ఆసుపత్రి డాక్టరు నొప్పీ వాపూ తగ్గడానికి గులాబీరంగు మాత్రలు రాసి, రోజుకు రెండు, కడుపు నిండా తిన్నాక, అయిదు రోజులు వేసుకోమని, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. మూడో రోజుకే వేలు మాట విన్నది. ఆరో రోజున మాత్ర లేదు, నొప్పి ఉంది. మళ్లీ ఆసుపత్రికి పోవాలంటే ఒక పూట పని పోతుంది. బస్టాండు దగ్గర మందుల కొట్టువాడు ఏమీ అడగడు, చెయ్యి చాపితే ఇస్తాడు. అయిదు రోజుల మందు అలా రెండు నెలల మందయింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. నడుం నొప్పికి అతను ఎవరి సలహా మీదో తెల్ల మాత్రలు తెచ్చుకుని, రెండు రోజులు వేసుకుని, కడుపులో మంటగా ఉందని పక్కన పడేశాడు.

“డబ్బు పెట్టి కొన్నవి పారేస్తారా?” అని సూదక్క వాటినీ తీసుకుంది. గులాబీది పొద్దునా సాయంత్రం, తెల్లది మధ్యాహ్నం. రంగు వేరు గనుక మందూ వేరేనని ఆమె లెక్క.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. కాగితానికి గానీ రేకుకు గానీ వెడల్పాటి అంచు కనబడితే చెయ్యి ఊరుకోదు. పని దిగేముందు మాత్రల స్ట్రిప్పులను మెషిను కింద పెట్టి, అంచులు కోసేసి, ఒక్కొక్క మాత్రను చదరపు ముక్కగా విడదీసి, గుండీల డబ్బాలో పేర్చుకునేది. మందు పేరూ గడువు తేదీ అంచులతో పాటు చెత్తబుట్టలో పడేవి.

“పేరు తీసేశావేం?” అన్నాడొకసారి యజమాని.

“పేరు మింగుతామా ఏంటి!”

మొదట మంట వచ్చింది. తర్వాత పొట్ట పైభాగంలో ఎవరో వేలితో పొడుస్తున్నట్టు నొప్పి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్ల ముందు చుక్కలు. సూదక్క వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఈ బాధ మొదలై నెల. కొత్తామె వచ్చి రెండు నెలలు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఏ రోగమూ లేదు. ఇంక చెప్పేదేముంది?

దానికి తోడు మైలుతుత్తం ఒకటి. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపడం బైండింగులో మామూలే. నీలంగా మెరిసే విషం అది. కొత్తామె అదే చేత్తో జిగురు కలిపి, అదే పొయ్యి మీద టీ కాస్తుంది.

“చేతులు కడిగావా?” అనేది సూదక్క.

“కడిగానక్కా.”

“సబ్బుతోనా?”

“సబ్బుతోనే అక్కా.”

“ఏదీ, వాసన చూపించు.”

కొత్తామె చేతులు చాపేది. సబ్బు వాసనే వచ్చేది. అది మరింత అనుమానంగా తోచేది సూదక్కకు. తప్పు చేయని మనిషి ఇంత శుభ్రంగా ఎందుకుంటుంది?

టీ మానేసింది. ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకుని సీసా మూతకు దారం చుట్టి, తనకొక్కదానికే తెలిసిన ముడి వేసేది. ముడి ఎప్పుడూ చెదరలేదు. అయినా నొప్పి తగ్గలేదు. షెడ్డులో అన్నం డబ్బా తెరిస్తే ఏం చల్లుతుందోనని మధ్యాహ్నం తిండి కూడా మానేసింది. తెల్ల మాత్ర మాత్రం మానలేదు. ఖాళీ కడుపున రెండు గుక్కల నీళ్లతో వేసుకునేది. లోకంలో ఆమె సోదా చేయకుండా లోపలికి రానిచ్చింది ఆ మాత్రల్ని మాత్రమే.

పోనుపోను మంట నిలువునా ఎక్కింది. ఒక గురువారం కుడుతూ కుడుతూ బల్ల మీదికి ఒరిగిపోయింది. కొత్తామె పరుగున వచ్చి నీళ్ల గ్లాసు నోటికి పెట్టబోతే చేత్తో నెట్టేసింది. నీళ్లు ఫారాల మీద పడ్డాయి.

“దీన్నయినా ఉంచండి, నన్నయినా ఉంచండి” అంది యజమానితో. “నాకేదో పెడుతోంది.”

“ఏం పెడుతోంది సూదక్కా? చూశావా?”

“చూస్తే ఊరుకుంటానా? చూడకుండా చేస్తోంది కాబట్టే చెబుతున్నా.”

యజమాని తల గోక్కున్నాడు. జిగురు ఉడికించేవాళ్లు పదిమంది దొరుకుతారు. ఆ కుట్టు ఇంకెవరికీ రాదు. కొత్తామె పొయ్యి ఆర్పి, చీర కొంగుతో కళ్లొత్తుకుని, “శనివారం దాకా వస్తాను, జిగురు గిన్నె ఖాళీ చేసి పోతాను” అంది. అంత మర్యాదగా అనడం కూడా సూదక్కకు నచ్చలేదు.

శుక్రవారం సాయంత్రం గుండీల డబ్బాలో రెండే ముక్కలు మిగిలాయి. బస్టాండు కొట్టు మూసి ఉంది. రెండు వీధులవతల ఇంకో మందుల షాపు ఉంటే అక్కడికి వెళ్లి గులాబీ ముక్కా తెల్ల ముక్కా గాజు బల్ల మీద పెట్టింది.

“ఇవి ఇరవై, అవి పది.”

షాపతను కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని ముక్కల్ని అటూ ఇటూ తిప్పాడు. “పేరేదమ్మా?”

“నా పేరెందుకు?”

“మీది కాదు, మందుది. పేరంతా ఎవరు కోసేశారు?”

“నేనే. అయితే ఏం?”

అతనూ అనుమానం మనిషే. తెల్లగా పాలిపోయిన ఆమె కింది రెప్పల వైపు చూశాడు, గోళ్ల వైపు చూశాడు. “ఎవరికి? ఎన్నాళ్లనుంచి? తిని వేసుకుంటున్నారా, తినకుండానా?”

సూదక్క చెప్పింది, చిరాకుగానే. అతను గొంతు తగ్గించాడు. “అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. విరేచనం నల్లగా, తారులా అవుతోందా?”

“మందులమ్ముకునేవాడికి ఆ సంగతులు దేనికయ్యా!”

“అవుతోందా, లేదా?”

నాలుగు రోజులుగా అవుతోంది. జిగురు తెలుపు గదా, మైలుతుత్తం నీలం గదా, నలుపెందుకొచ్చిందా అని ఆమె కూడా అనుకుంటూనే ఉంది. పైకి మాత్రం ముక్కల వైపు చెయ్యి చాపింది.

“ఇవి నేనివ్వను. ఇంకొకటి కూడా వేసుకోవద్దు. ఇప్పుడే, ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్లండి. రేపటిదాకా ఆగొద్దు.”

“మనిషిని పంపితే ఆ ఆసుపత్రి డాక్టరు నీకెంత ఇస్తాడు?” అనేసి ముక్కలు లాక్కుని వచ్చేసింది. బేరం వద్దనే వ్యాపారిని ఆమె ఇంతవరకు చూడలేదు. ఇందులో ఏదో ఉంది. దారంతా అదే ఆలోచన. అమ్ముకుంటే వాడికి లాభం. అమ్మనన్నాడు. మరి వాడికొచ్చేదేంటి?

ఇంట్లోకి అడుగుపెడుతుండగా గుర్తొచ్చింది. మొదటిసారి కొన్న గులాబీ మాత్రల డబ్బాలో మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉండేది. పల్చన, కానీ గట్టిది, మడతకు చిట్లదు. అలాంటి కాగితాన్ని బైండరు పారేయదు. భర్త పాత కథల పుస్తకం వెన్ను ఊడిపోతే, ఆ కాగితాన్నే వెన్నుకు అస్తరుగా అతికించి మళ్లీ అట్ట కట్టింది.

ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. తన చేత్తో అతికించినదాన్ని తన చేత్తో ఊడదీసి చదువుకోవచ్చు.

అట్ట విప్పింది. తడిగుడ్డ పిండి వెన్ను మీద పరిచి, మైదా జిగురు నానేదాకా కూర్చుంది. కూర్చుంటేనే కళ్లు తిరుగుతున్నాయి. మడతలు నొక్కడానికి వాడే పలచటి ఎముక పలకను కాగితం కిందికి జొనిపి, వెంట్రుకవాసి చొప్పున పైకెత్తుతూ ఊడదీసింది. అక్కడక్కడ అక్షరాలు జిగురుకు పోయాయి. మిగిలినవి చీమ తలకాయలంత. భూతద్దం పెట్టుకుంది.

పైన పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు. దాని కింద సన్నగా అసలు మందు పేరు, ఐబుప్రోఫెన్. ఆహారంతో గానీ ఆహారం తర్వాత గానీ వేసుకోవాలి. సరిపోయినంత తక్కువ మోతాదు, వీలైనన్ని తక్కువ రోజులు. ఇదే జాతి నొప్పి మాత్ర మరొకటి కలిపి వాడకూడదు. కడుపులో పుండు ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చెప్పాలి. ఆపైన ఒక లైను చిరిగిపోయింది. దాని కింది లైను మాత్రం చెక్కుచెదరలేదు. కడుపులో రక్తస్రావం కావచ్చు. విరేచనం నల్లగా అయినా, వాంతిలో రక్తం కనబడినా మందు ఆపి వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

భర్త అప్పుడే డ్యూటీ దిగి చొక్కా విప్పుకుంటున్నాడు.

“ఏవండీ, ఆ తెల్ల మాత్రల స్ట్రిప్పు, నేను కోయనిది, ఒక్కటైనా ఉందా?”

“నా సంచిలో ఉంది. మళ్లీ నడుం పట్టేస్తే పనికొస్తుందని నీ కత్తికి దొరక్కుండా దాచుకున్నా.”

స్ట్రిప్పు మీద పెద్దక్షరాల పేరు వేరే. కింద సన్నక్షరాలు ఒకటే. ఐబుప్రోఫెన్. రెండు రంగుల అట్టలు వేసి ఒకే పుస్తకాన్ని రెండుసార్లు అమ్మినట్టు. అలాంటి మోసం షెడ్డులో ఎవరైనా చేస్తే అట్ట తెరవకుండానే పట్టేసేది. కానీ ఇక్కడ మోసం చేసినవాడు ఎవడూ లేడు. పేరు అచ్చేసే ఇచ్చారు, కోసి పారేసింది తను.

“నడవండి ఆసుపత్రికి” అంది. లేచి నిలబడి, గోడ పట్టుకుంది.

“ఇప్పుడా? ఏమైందే?”

“నాలో నేనే మైలుతుత్తం కలుపుకున్నా. నడవండి!”

మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. రక్తం ఎక్కించారు. నోట్లోంచి గొట్టం దించి చూసిన డాక్టరమ్మ, జీర్ణాశయంలో పుండు పడి అక్కడినుంచి రక్తం కారుతోందని చెప్పింది.

“ఇంకో వారం ఆగితే మాట్లాడుకోవడానికి మీరుండేవారు కాదమ్మా. ఆ మందు చెడ్డది కాదు. ఎంత, ఎన్నాళ్లు, దేనితో అన్నది తప్పితే ప్రాణం మీదికి తెస్తుంది. ఇకమీదట మీకు ఆ జాతి మాత్రలే వద్దు. ఏ రంగైనా సరే, పేరు చూపించి అడగందే వేసుకోవద్దు.”

“మరి వేలు?”

“వేలికి పట్టీ. సూదికి సెలవు. కనీసం రెండు నెలలు.”

పుండు మాట విన్నప్పుడు కూడా బిగబట్టుకున్న సూదక్కకు ఈ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

షెడ్డుకు వెళ్లేసరికి పొయ్యి చల్లగా ఉంది. శనివారమే కొత్తామె గిన్నె తోమి బోర్లించి వెళ్లిపోయిందట.

“తప్పు నాది. పిలిపించండి” అంది సూదక్క.

“నేను పిలిస్తే రాదు. వెళ్లగొట్టించింది నువ్వు, నువ్వే పిలుచుకో” అన్నాడు యజమాని.

కొత్తామె ఉండేది ఒంటిగది ఇంట్లో. రేపటినుంచి బట్టల ఇస్త్రీ దుకాణంలో పనికి పోవడానికి ఒప్పుకుందట. సూదక్క గుమ్మంలోనే నిలబడి జరిగింది మొత్తం చెప్పింది, నల్లవిరేచనం సంగతి కూడా దాచకుండా. చెప్పి, “నీ మీద వేసిన నింద నా నోటితోనే షెడ్డులో తీసేశాను. రా” అంది.

కొత్తామె పెద్దగా కరగలేదు. “నా చేతులు వాసన చూశావక్కా. ఎన్నిసార్లు చూశావో గుర్తుందా? రేపు నీకు తలనొప్పొస్తే మళ్లీ చూడవా?”

“చూస్తానేమో” అంది సూదక్క. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

కొత్తామె మొదటిసారి నవ్వింది. “ఆ మాట బావుంది. చూడనంటే నమ్మేదాన్ని కాదు. జిగురు కలపడానికైతే రాను. ఆ పని ఎవరొచ్చినా చేస్తారు, ఎప్పుడైనా పొమ్మంటారు. నీ వేలు ఎలాగూ సెలవులో ఉంది కదా. కుట్టు నేర్పుతావా?”

ఇరవై రెండేళ్లుగా సూదక్క తన సూదిని ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. పట్టీ కట్టిన బొటనవేలి వైపు చూసుకుంది. యజమాని ఏమంటాడో, రెండు నెలలు గడిచాక ఆ కిటికీ దగ్గర కూర్చునేది ఎవరో, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి.

“పొద్దున్న ఎనిమిదికల్లా రా. గోళ్లు కత్తిరించుకుని రా” అంది.

మర్నాడు కొత్తామె కిటికీ దగ్గర కూర్చుని మొదటి ఫారం కుట్టింది. సూదక్క దాన్ని తీసుకుని పేజీలు తిప్పి అంకెలు చూసింది, వెనక్కి తిప్పి ముడి చూసింది, ఎడమచేత్తో దారం లాగింది. వదులుగా వచ్చేసింది.

“విప్పు” అంది. “మళ్లీ.”

మధ్యాహ్నం దాకా అదే మాట. పదకొండోసారి దారం లాగితే రాలేదు. ఇంకోసారి గట్టిగా లాగి చూసింది. అప్పుడు కూడా రాలేదు. సూదక్క రెండో ఫారం తీసి, ముందు తను అంకెలు చూసుకుని, ఆమె ముందు పెట్టింది. కొత్తామె దాన్ని వెంటనే కుట్టలేదు. తనూ ఒక్కొక్క పేజీ తిప్పి అంకెలు చూడడం మొదలుపెట్టింది.