మోకాళ్ల లోతు నీళ్లు

పెళ్లి ఫొటోలు తీయడం నా బతుకుదెరువు. తీరిక దొరికితే మాత్రం కెమెరాతో ఆలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డుకు వెళ్తాను. ఈ ఒడ్డు తెలంగాణ, ఆ ఒడ్డు ఆంధ్ర. రెండు ఒడ్ల బతుకులనూ, ఇసుక తవ్వకాలతో గుల్లవుతున్న నదినీ ఫొటోలుగా దాచాలని నా ఆశ.

ఆ ఎండాకాలం ఒక గొర్రెల మంద అవతలికి దాటుతుంటే నేనూ దిగాను. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. ఒక ఫొటో తీశాను. మంద మొత్తం ఫొటోలో పట్టలేదని, కెమెరా కంటికి ఆనించుకునే వెనక్కి జరిగాను.

కాలి కింద నేల లేదు!

బుడుంగున మునిగాను. నాకు ఈత రాదు. కాళ్లతో ఎంత తడిమినా ఇసుక జారుతోందే తప్ప అడుగు తగలదు. అరుద్దామంటే నోటి నిండా నీళ్లు.

"గొంగడి పట్టుకో బిడ్డా! ఇడువకు!"

మందను తోలుకెళ్తున్న ముసలామె మల్లమ్మ తన గొంగడి విసిరి, నన్ను ఒడ్డుకు లాగింది. తీరా చూస్తే నాకంటే ఆమే ఎక్కువ వణుకుతోంది.

"నిన్న గీడ గుంత లేకుండె. రాత్రి మిషన్ వెట్టి ఇసుక తోడినట్టున్నరు. నా మనుమరాలు రోజూ గీడనే దాటుతది!"

ఆవలి ఒడ్డుకేసి పిచ్చిగా కేకలు పెట్టింది. "ఏందవ్వా?" అని పిల్ల పలికేదాకా మా ఇద్దరికీ ఊపిరాడలేదు.

కెమెరా పాడైనా ఆ ఫొటో మిగిలింది. గొర్రెలు, ఎండ, అద్దంలాంటి నీళ్లు. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అంటారు. నా కాళ్లు మాత్రం ఇప్పటికీ నేలను వెతుక్కుంటాయి.