చిన్నాయన ఫోటో తెరుచుకోని రోజులు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తీస్తే, ఫోటోలు దాచుకునే చోటు నిండిపోయిందనీ, ఏదో ఒకటి చేయకపోతే ఇకమీదట కొత్తవి నిలవవనీ ఒక సందేశం కనిపించింది. మా తమ్ముడి మనవరాలు అది చూసి నవ్వి, నిమిషంలో సర్దిపెట్టి వెళ్లిపోయింది గానీ, నాకు మాత్రం రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలోని ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని ఇలాంటి మాటలే చదివిన సాయంత్రం గుర్తొచ్చింది. నా ఈడువాళ్లకు ఆ నెట్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. ప్లైవుడ్ చెక్కలతో అడ్డుకట్టిన ఇరుకు గదులు, ఎప్పుడూ తిరుగుతూనే ఉండి గాలి మాత్రం తగలని ఫ్యాన్, ఒక్క బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగేదాకా ఊపిరి బిగబట్టి చూడటం.

మా నాన్న తమ్ముణ్ణి మేం చిన్నాయన అనేవాళ్లం. ఏళ్లతరబడి బియ్యం మండీ నడిపిన మనిషి. కొట్టు మానుకున్నాక మతిమరుపు మొదలైంది. ముందు కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ, తర్వాత అన్నం తిన్నదీ తిననిదీ, చివరికి తమిళమంతా మనసులోంచి జారిపోయి, తరాలుగా మా ఇళ్లలో మాట్లాడుకునే కలగాపులగపు తెలుగు ఒక్కటే ఆయన నోట మిగిలింది. పుట్టి పెరిగిన పుదుచ్చేరిలోనే దారి అడగడానికి మాట లేనివాడయ్యాడు. గోరిమేడు ఆసుపత్రిలో చూపిస్తే, ఒంటరిగా బయటికి వదలొద్దన్నారు. ఆయన భార్య, మా చిన్నమ్మ, కంటికి రెప్పలా కనిపెట్టుకునే ఉండేది. అయినా ఒక ఆదివారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, చేపలు తెస్తానని సంచీ పట్టుకుని సముద్రపొడ్డున ఉన్న వైతికుప్పం వెళ్లాడు.

చేపలమ్మే ఆవిడ ఆయన్ని బాగా ఎరుగును. కొన్న చేపలు సంచీలో వేసుకుని, ఇంటివైపు తిరక్కుండా ఇసుకలో పడి ఉత్తరంగా నడిచాడనీ, ఎంత పిలిచినా వెనక్కి చూడలేదనీ చెప్పింది. మధ్యాహ్నానికి సంచీ దొరికింది. తడి ఇసుక మీద, అలలు వచ్చి తాకిపోయేంత దూరంలో, చేపలు అట్లాగే ఉన్నాయి. చుట్టూ కాకులు. ఆయనకు ఈత వచ్చా అని పోలీసులు అడిగారు. చిన్నమ్మ సముద్రం వైపు చూడకుండా, "ఆయనకి నీళ్లంటే భయం. ఆడికి పోడు. యాడికో నడిచిపోయినాడు, అంతే" అంది. ఆ మాటనే పట్టుకుని వెతకడం మొదలుపెట్టాం.

ఆయనకు సరిగ్గా పడిన ఫోటో ఒక్కటే ఉండేది, మండీలో తక్కెడ పక్కన నిలబడి తీయించుకున్నది. సముద్రపు చెమ్మకు అది పటం అద్దానికి అతుక్కుపోయి, స్టూడియోవాళ్లు కంప్యూటర్లోకి ఎక్కించాక విడదీయబోతే చెంప దగ్గర చినిగిపోయింది. ఆ రోజుల్లో చాలా కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడేవి కదా, అందుకని ఆయన పేరు, గుర్తులు, మా ఫోన్ నంబరు అన్నీ ఆ ముఖం కిందనే రాయించి బొమ్మంతా ఒక్కటిగా చేయించాం. ఫోటోలు ఉచితంగా పెట్టుకోనిచ్చే ఒక సైట్‌లో దాన్ని ఉంచి, దాని లింకును తెలుగువాళ్లు కలుసుకునే చర్చావేదికల్లో, ఎరిగినవాళ్ల మెయిళ్లలో అంతటా పంచాను. ఆఫీసులో టైపిస్టుగా నేర్చుకున్న విద్య ఇన్నాళ్లకు మనిషిని కాపాడే పనికొచ్చిందని కొంచెం గర్వపడ్డాను కూడా. చిన్నమ్మకు చదువు రాదు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే నాతో వచ్చి, ఆ ముఖం తెర మీద దిగేదాకా కూర్చుని, చూసుకుని వెళ్లేది.

అట్లాంటి ఒక సాయంత్రమే ఆ మెయిల్ వచ్చింది. ఉచిత సేవ మానేస్తున్నాం, ఫలానా లోపల మీ ఫోటోలు తీసుకోండి అని ఇంగ్లీషులో మర్యాదగా రాశారు. చదివి చెప్తే చిన్నమ్మ తెర మీది ముఖాన్ని వేలితో తాకి అడిగింది.

"అంటే ఆయన్ని తీసేస్తారా, పాపా?"

ఫోటోనే చిన్నమ్మా, ఇంకో చోట పెడదాం అన్నాను. పెట్టాను కూడా. రెండో సైట్ కొన్నాళ్లు నడిచి, సభ్యులైతే తప్ప చూపించనంది. మూడోది ముఖాన్ని గోరంత చేసి పడేసింది. మెయిల్‌కు జతచేసి పంపితే, పెట్టెలో చోటు లేదని సగం తిరిగొచ్చేవి. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు పాత లింకులది. ఆ వేదికల్లో ఒకసారి రాసిందాన్ని మళ్లీ దిద్దే వీలుండేది కాదు. కొత్తగా రాసినవి ఎక్కడో అడుక్కి పోయేవి, పాతవే చేతులు మారుతూ తిరిగేవి. మొదటి సైట్ గడువు దాటిన మర్నాడు వాటిని తెరిస్తే, చిన్నాయన ఉండాల్సిన చోట బూడిదరంగు గడీ, మూలన చిన్న ఎర్ర ఇంటూ గుర్తు. ముఖంతోపాటు పేరూ, ఫోన్ నంబరూ పోయాయి. చిన్నమ్మ ఆ గడీని చూసి లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ నెట్ సెంటర్ గడప తొక్కలేదు.

చాలా రోజులకు, ఒక పాత వేదికలో మా మాటల కింద ఎవరో రాసిన జవాబు కనబడింది. చిత్తూరు వైపు ఒక చిన్న ఊళ్లో బడిపంతులట. రాసి అప్పటికే నెల దాటింది. మీ ఫోటో తెరుచుకోవడం లేదు, మా సత్రంలో ఒక పెద్దాయన ఉన్నాడు, పేరు చెప్పలేడు, నా చేపల సంచీ యాడ అని కనబడినవాళ్లనల్లా అడుగుతున్నాడు, ఫోటో పంపితే పోల్చి చూస్తాం అని ఉంది. ఫోటో పంపానే గానీ జవాబు కోసం ఆగలేదు. చినిగిన ఫోటోనే అతికించి పట్టుకుని, నేనూ చిన్నమ్మా మర్నాడు తొలి బస్సెక్కాం.

సత్రం కాపలాదారు ఆ ఫోటోను రెండు చేతులతో తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈయనేమ్మా. ఫోటో వస్తాదని పంతులు రోజూ చూస్తానే ఉన్నాడు. రాలేదు. సంచీ మర్చిపోయినా, పోవాల అని ఈయనది ఒకటే పోరు. ఏ ఊరో తెలీదు, ఎవరోళ్లో తెలీదు. ఎవరని చెప్పి పట్టుకుని ఆపేది?"

ఎటు పోయినాడని చిన్నమ్మ అడిగితే రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. ఆయన వెళ్లి వారం దాటింది. ఆ రోడ్డు వెంబడి ఊరూరా అడుగుతూ పోయాం. చూశామన్నవాళ్లు కొన్ని ఊళ్లదాకా ఉన్నారు, ఆ తర్వాత ఎవరూ లేరు.

చిన్నమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. ఎవరు ఏ ఊరికి వెళ్తున్నా ఒక ఫోటో ఇచ్చి పంపేది. ఆమె పోయినప్పుడు ముత్తైదువగా సాగనంపాలా వద్దా అని పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటుంటే, మా అమ్మ ఎవరినీ అడగకుండా వెళ్లి ఆమె నుదుట కుంకుమ పెట్టింది.

ఇప్పుడు మనిషి తప్పిపోతే గంటలో ఊరందరి చేతుల్లోకి ఫోటో వచ్చేస్తుంది. మంచిదే. నాకూ వస్తుంటాయి అట్లాంటివి, చూసి ఇంకొకరికి పంపుతుంటాను. ఒక్కోసారి, పేరు చెప్పలేని ఏ ముసలాయన ఫోటో అయినా వచ్చినప్పుడు, ఆయన ఇంకా ఉండే వయసు కాదని తెలిసి కూడా, వేళ్లతో పెద్దది చేసి ముఖమంతా వెతుకుతాను. చిన్నమ్మ లేదు, అమ్మ లేదు. చూసి, ఈయన మావాడే అని చెప్పగలిగినవాళ్లలో నేను ఒక్కదాన్నే మిగిలాను. నాకూ ఈమధ్య కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ గుర్తుండటం లేదు.