అక్కడిది ఇక్కడికి

ఉద్యమం రోజులు. మా ఫోటో స్టూడియోకు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌ల మూడు దుకాణాలు, మూడింట్ల మూడు లినక్స్ సర్వర్లు. ఒకదాంట్ల ఉన్న పెండ్లి ఫోటోలే మిగతా రెండింట్ల ఉండాలె. గిరాకి ఏ దుకాణంకు ఒచ్చినా దొరకాలె. గా పని నాది, నా తోటి పిల్లది. నాది నల్లగొండ దిక్కు, ఆమెది భీమవరం. బందు పడ్డప్పుడల్లా వాళ్ల నాయన ఫోన్ చేసి ఒచ్చెయ్యమంటుండె. నేను గూడ తెలంగాణ కావాలన్నదాన్నే. కాని గీ పిల్ల పోతదేమోనని లోపల ఒకటే గుబులు. పైకి మాత్రం తిడుతుంటి, నా నోరు గంతే.

ఒక బందు నాడు నేను ఎల్బీ నగర్‌ల, ఆమె దిల్‌సుఖ్‌నగర్‌ల. నా దగ్గరి సర్వర్‌కు కొత్త డిస్క్ ఏసినం, ఖాళీది. ఫోన్ల చెప్పిన: "పిల్లా, అక్కడిది ఇక్కడికి తోలు."

"అలాగే అక్కా, అక్కడిది ఇక్కడికి" అన్నది.

ఆమెకు అక్కడ అంటే నేనున్న ఎల్బీ నగర్, ఇక్కడ అంటే తన దిల్‌సుఖ్‌నగర్. ఫోటోలు తోలనీకి మేం కొట్టే కమాండ్ ఎట్లాంటిదంటే, పంపేకాడ లేనిదాన్ని అందుకునేకాడ చెరిపేస్తది. నా ఖాళీ డిస్క్ పోయి ఆమె నిండు డిస్క్‌ను ఊడ్చిపెట్టింది.

"అక్కా, ఫోటోలన్నీ పోయాయి!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!"

"ఇక్కడికి అన్నది మీరే కదా!"

"నా ఇక్కడ వేరు, నీ ఇక్కడ వేరే!"

అన్నంక నాలుక కరుసుకున్న. బయట రోడ్డు మీద నడిచే లొల్లి గూడ గదే.

"అవున్లే అక్కా, నాకిక్కడ ఏముంది" అని ఫోన్ పెట్టేసింది.

ఫోటోలు దొరికినయ్. పొద్దుగాల నుంచి మలక్‌పేటకు నెట్ లైన్ లేదని తిట్టుకుంటున్న, గా లైన్ లేకనే చెరుపుడు అక్కడిదాంక పోలే, అక్కడి సర్వర్ బతికింది. ఆ పిల్లనే మూసారాంబాగ్ మీదికెళ్లి నడుసుకుంట పోయి, అన్నీ కాపీ చేసుకొచ్చింది. నాతోని మాత్రం సరిగ మాట్లాడలే.

ఆ వారమే ఊరికి పోయింది. నాలుగు రోజులుండి వస్తానన్నది గాని, టేబుల్ మీది చాయ్ కప్పు గూడ బ్యాగుల ఏసుకున్నది. కప్పు లేని జాగ చూస్తే పానం ఉసూరుమనేది. గోడకు కాయితం అంటించిన: "ఫోన్ల ఇక్కడ, అక్కడ అనొద్దు. ఏరియా పేరు చెప్పాలె." ఎవరికోసం అంటించిన్నో, ఆఫీసుల ఉన్నది నేనొక్కదాన్నే.

ఒకనాడు భీమవరం నుంచి ఫోన్.

"అక్కా, నాన్నని ఒప్పించా. సోమవారం ఇక్కడికి వచ్చేస్తున్నా. సర్వర్ల జోలికి వెళ్లకండి, నేనొచ్చి చేస్తా."

భీమవరంల కూసొని ఇక్కడికి అంటున్నది! ఏరియా పేరు చెప్పమని నోటిదాంక ఒచ్చింది.

"రా బిడ్డా," అన్న. "ఇక్కడికే రా."