పొగ మాట విన్నవాడు

మా మరిది పోయాడన్న కబురు ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు మనిషి తెచ్చాడు. వేలూరు ఆసుపత్రి నుంచి బంకుకు ఫోను వచ్చిందట. రోడ్డు దాటి వచ్చి, నా ముఖం చూడలేక మరిది షెడ్డుకు వేసిన తాళం వైపు చూస్తూ, "అవ్వా, మెకానిక్కు ఇంక లేడంట" అన్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. దించాలని కూడా తోచలేదు.

నాలుగు నెలలుగా నేను భయపడింది దానికే. భయపడడం నాకు కొత్త కాదు, ముందే చెబుతున్నాను. కానీ ప్రతి ఇంజను విషయంలోనూ నా మాట విన్న మనిషి, తన ఒంటి విషయంలో మాత్రం వినలేదు. అది ఎవరికైనా చెప్పుకోవాలని, అయిదో తరగతిలో నేర్చిన అక్షరాలతో ఇది రాస్తున్నాను.

మా ఆయనకు తమ్ముడు అతను. పెళ్లి చేసుకోలేదు. చిత్తూరులో మా వంటింటి గోడకు అవతలే షెడ్డు వేశాడు. తిరుపతి కొండ ఎక్కలేక ఆయాసపడే టాక్సీలు, మద్రాసు నుంచి పందెం కార్లు అక్కడికి వచ్చేవి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకరోజు పొగ కిటికీలోంచి కొట్టి కళ్లు మండిపోయాయి.

"ఏమప్పా, మమ్మల్ని సంపేస్తావా? అంటుకుంటే ఇల్లే కాలిపోతాది!" అని కేకలేశాను.

మా ఆయన అప్పటికి ఉన్నాడు. "దీనికి భయం ఒక రోగం" అని లోపల్నించి అన్నాడు. మరిది మాత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఎంత మండతా ఉండాయి వదినా? నిన్నటంతనా, ఇంకా ఎక్కువనా?"

ఎక్కువేనన్నాను. పోయి, పెట్రోలు పాళ్లు సరిచేసే కార్బురేటరు స్క్రూ పావు చుట్టు తిప్పాడు. "ఇప్పుడు?" తగ్గిందన్నాను. ఇంకాస్త తిప్పాడు. "ఇప్పుడు?" నా భయానికి జవాబుగా ఏదైనా ఒకటి కదలడం నా బతుకులో అదే మొదలు.

అప్పట్నించి అదే అలవాటైంది. పెట్రోలు ఎక్కువైతే కళ్లు మండేవి. తక్కువైతే వాసన ఉండదు, చప్పుడు ఎండు కొమ్మలు విరిచినట్టు ఉంటుంది. అవి నాకు తెలియకుండానే పట్టుబడ్డాయి.

చేతి మసి ఎంత తోమినా పోదని, మరిది సంగటిని కూడా చెంచాతో తినేవాడు. ఊరంతా నవ్వేది. "దొర వచ్చినాడు, ముద్ద పెట్టు" అని నేనూ ఎగతాళి చేసేదాన్ని. అలా తింటూనే ఒకసారి చెప్పాడు.

"ఇంజనుకు పెట్రోలు పోసేదానికి రెండు దారులు వదినా. ముందే లెక్క రాసి పెట్టుకోని, యాక్సిలేటరు ఇంత తొక్కితే ఇంత అని పోసుకుంటా పోయేది ఒకటి. పోసి, పొగను సూసి, దిద్ది, మళ్లా సూసేది ఇంకోటి. పైదేశాల్లో పొగగొట్టంలోనే ఒక పరికరం పెడతా ఉండారంట. ఎక్కువో తక్కువో అదే కనిపెట్టి చెప్తాదంట."

"మనకు యాడుండాది అట్లాంటిది?"

"నువ్వుండావు గదా!"

"నన్ను తీసకపోయి పొగగొట్టంలో పెట్టినావా అప్పా!"

నవ్వాడు. తర్వాత అన్నాడు: "నిండా తొక్కినప్పుడు మాత్రం ఆ పరికరం మాట గూడా ఇనరంట. అప్పుడు రాసిపెట్టిన లెక్కే. పందెంలో అడిగి అడిగి పోసేదానికి టైముండదు."

ఒకసారి మద్రాసు ఆసామి ఒకాయన విదేశీ పుస్తకంలోని పెట్రోలు కొలతలు తెచ్చి, తన పందెం కారుకు అవే పెట్టించాడు. కారు స్టార్టు చేస్తే వాసన లేదు, ఎండు చప్పుడు. పెట్రోలు తక్కువైందని కిటికీలోంచి చెప్పాను.

"ఏం అప్పా, రేసు కారుకు మీ వదినగారా సర్టిఫికెట్టు ఇచ్చేది?" అన్నాడు ఆసామి.

"పుస్తకం యాడో రాసినారు సార్. పొగ ఈడ వస్తా ఉండాది" అని మరిది కారు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇద్దరూ వేలూరు రోడ్డులో కారును గట్టిగా తోలి, ఇంజను ఆర్పి, ప్లగ్గు విప్పి గుడ్డలో చుట్టి తెచ్చారు. కాఫీ రంగులో ఉండాల్సింది సున్నంలా తెల్లగా ఉంది. అలాగే పందేనికి పోయి ఉంటే ఇంజను లోపల కాలిపోయేదట. ఆసామి నాకు నమస్కారం పెట్టాడు. సిగ్గుతో లోపలికి పోయాను.

మా ఆయన పోయాక ఇంట్లో నేనూ మరిదీ ఇద్దరమే. పోవడానికి నాలుగు నెలల ముందు అతనికి దగ్గు పట్టుకుంది. రాత్రి గోడ అవతల్నించి వినేదాన్ని. అన్నం తగ్గింది, చొక్కా వదులైంది. ఆసుపత్రికి పోదామంటే రేపు, ఎల్లుండి అనేవాడు. చివరికి పందెం వారం వచ్చింది. మళ్లీ అడిగాను.

"ఇప్పుడు నిండా తొక్కి ఉండాను వదినా. పందెం అయిపోనీ, ఆ పైన నీ మాటే."

ఆ వారం నేను ఇంక అడగలేదు. పందెం చెడగొట్టిందన్న మాట నాకెందుకు అనుకున్నాను. ఇన్నేళ్లలో నోరు మూసుకున్నది ఆ వారమే. కారు పందెం గెలిచింది. మరుసటి రోజు జ్వరంతో వేలూరు పోయిన మనిషి తిరిగి రాలేదు. ఇంకొకసారి అడిగి ఉంటే వినేవాడేమో, వినకపోనూవచ్చు. కానీ నా భయం ఒకరికి పనికొచ్చిందంటే అతని వల్లే.

పోయిన వారం బస్టాండు దగ్గరికి కూరగాయలకు వెళ్లాను. టీ అంగడి ముందు తెల్ల కారొకటి ఇంజను ఆర్పకుండా నిలబడి ఉంది. వాసన లేదు. అదే ఎండు చప్పుడు. నా కాళ్లు ఆగలేదు. అద్దం దగ్గరకు పోయి, "నాయనా, దీనికి పెట్రోలు తక్కువగా పోతా ఉండాది. ఘాటు రోడ్డెక్కితే ఇంజను కాలిపోతాది, ఎవురికైనా సూపించు" అన్నాను.

డ్రైవరు మంచివాడే. నా సంచి చూశాడు, తెల్ల జుట్టు చూశాడు. "కాణిపాకం బస్సు ఆ పక్క నిలబడతాది అవ్వా, నిదానంగా పో" అని చెయ్యి చాపి చూపించాడు.

ఆ బస్సుతో నాకు పనిలేదు. కానీ అతను చూస్తూనే ఉన్నాడు. అందుకని అతను చూపించిన వైపే నడిచాను.