ఎండబెట్టిన కాకరకాయలకు మా చిన్ని సేవ

వర్ధన్నపేట నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే అవ్వ దగ్గర కాకరకాయలు కొని, చక్రాలు కోసి, ఉప్పు పట్టించి, డాబా మీద ఒరుగులు ఎండబెట్టిన. ఇయ్యాల మూడో రోజు. ఇగ డబ్బాకెత్తుడే అనుకుంట పొద్దుమీకి పైకి పోతే అన్నీ తడిసి ఉన్నయి. పక్కన మగ్గు పట్టుకొని మా నాలుగేండ్ల చిన్ని.

"ఏం జేసినవే?"

"అవ్వ మాటిమాటికి నీళ్లు చల్లుతది గదమ్మా! నువ్వు మర్చిపోయినవ్. చూడు, ఎట్ల వాడిపోయినయో!"

తిట్టుదామంటే, బేరమాడేటప్పుడు "వాడిపోయినయ్" అని అవ్వ మీదికి రోజూ లేచేది నేనేనాయె.

రేపు మళ్ల ఎండబెడుత. వరంగల్ ఎండకు మగ్గెడు నీళ్లొక లెక్కనా? మీ ఇండ్లల్ల కూడ ఇసుంటి సాయం జేసేటోళ్లుంటే, మగ్గు యాడ దాస్తున్రో జర చెప్పున్రి.